బుట్ట మోసే మేనమామ, ఫోటోకి వచ్చిన చుట్టం



ఈ పూట నా కబుర్లు ఒక చీపురుతో మొదలుపెడతాను.

2020 వేసవి. లాక్‌డౌన్ రోజులు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఇంటికొచ్చి కూర్చున్నాడు. రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఒక అమెరికా సిరీస్ పెట్టేవాడు. నేను రిటైరైన టీచర్ని. మర్నాటి పూజకి వత్తులు చేసుకుంటూ వాడి పక్కనే కూర్చునేదాన్ని. కింద ఇంగ్లీషులో మాటలు పడతాయి కదా, కథ నాకూ అందేది.

ఒక రోజు కథలో హీరో ఒక హోటల్‌కి వెళ్ళాడు. కోడిమాంసం వేయించి అమ్మే హోటల్. ఎవరి మీదో కన్నేసి ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. వెనకాల, దూరంగా, మసకమసగ్గా ఇంకో మనిషి. చీపురుతో నేల ఊడుస్తున్నాడు. మొహం ఆనడం లేదు. ఊడుస్తూ ఊడుస్తూ దగ్గరికొస్తున్నాడు.

మా వాడు సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"అమ్మా, గస్! గస్ వచ్చేశాడు!"

గస్ ఎవరో నాకేం తెలుసు? నాకు కనపడింది శుభ్రంగా ఊడ్చుకునే హోటలాయన. అంతే. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూశారు, కరోనా భయంలో ఈ ఈలలేమిటా అని.

వాడు పాత సిరీస్ చూశాడు. నేను చూడలేదు. ఇంట్లో ఉన్నది ఒకే టీవీ. అందులో ఉన్నది ఒకే మనిషి. వాడికి ఈల వచ్చింది. నాకు చీపురు కనపడింది. ఈ తేడా గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు ఆ సిరీస్ ఏమిటో చెప్పాలి. పాతదాని పేరు బ్రేకింగ్ బ్యాడ్. 2008లో మొదలై 2013లో ముగిసింది. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం, అల్బుకర్కీ అనే ఎడారి ఊరు. అక్కడ వాల్టర్ వైట్ అని ఒక హైస్కూల్ కెమిస్ట్రీ మాస్టారు. కాన్సర్ అని తెలుస్తుంది. ఇంటికి డబ్బు మిగల్చాలని తన పాత విద్యార్థి జెస్సీని వెంటేసుకుని మత్తుమందు తయారీకి దిగుతాడు. మనిషి మెల్లమెల్లగా రాక్షసుడవుతాడు. సాటి టీచర్ని కాబట్టి నాకు ఆ కథ తలచుకుంటేనే కాస్త కష్టంగా ఉంటుంది.

ఆ కథలో 2009లో ఒక లాయరు వచ్చాడు. సాల్ గుడ్‌మన్. మెరిసే సూట్లు, టీవీలో వెకిలి ప్రకటనలు, ఎంత పెద్ద నేరానికైనా ఏదో ఒక దారి. మూడు నాలుగు ఎపిసోడ్లు ఉండి వెళ్ళిపోవాల్సిన పాత్ర. బాబ్ ఓడెన్‌కర్క్ అనే నటుడు దాన్ని ఎవరూ వదులుకోలేని పాత్రగా చేశాడు. పాత కథ ముగిశాక ఆ లాయరు గతం మీద ఇంకో సిరీస్ తీశారు. దాని పేరు బెటర్ కాల్ సాల్. 2015 ఫిబ్రవరి నుంచి 2022 ఆగస్టు దాకా వచ్చింది. ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్లు. పాతదానికంటే ఒకటి ఎక్కువే.

ఇది ముందుకథ. ప్రీక్వెల్ అంటారు. మనకి కొత్తేం కాదు. తాతయ్య పెళ్ళి ఎలా జరిగిందో అమ్మమ్మ చెబుతుంటే, ఆ పెళ్ళి జరిగిందని తెలిసే కదా వింటాం.

సరే, ముందుకథలో పాత పాత్రలు మళ్ళీ వస్తాయి. రాక తప్పదు. వాళ్ళని చూడగానే అభిమానులు ఈలలు వేస్తారు, ఫోన్లు చేసుకుంటారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. కానీ అన్ని రాకలూ ఒకటి కావు. ఎలా కావో చెప్పడానికి మన పెళ్ళి పందిట్లోకి వెళదాం, రండి.

పెళ్ళికి చుట్టాలు రెండు రకాలుగా వస్తారు. ఒకాయన పట్టుపంచె కట్టుకుని నేరుగా స్టేజీ ఎక్కుతాడు. అక్షింతలు వేస్తాడు. ఫోటో దిగుతాడు. భోజనం చేసి వెళ్ళిపోతాడు. తప్పేం లేదు, ఆయన్ని చూసి సంతోషిస్తాం. ఆయన రాకపోయినా పెళ్ళి జరుగుతుంది. ఇంకొకాయన మేనమామ. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపం దాకా మోసుకురావాలి. ఆయన రాకపోతే పురోహితుడు అరుస్తాడు, మేనమామ ఏడీ, బుట్ట ఎవరు మోస్తారు అని. పెళ్ళి ఆగుతుంది.

ముందుకథలో తిరిగొచ్చే పాత పాత్రలూ అంతే. బుట్ట మోయడానికి వచ్చిన వాళ్ళు కొందరు. ఫోటోకి వచ్చిన వాళ్ళు కొందరు. ఎవరు ఎవరో తేల్చుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ఆ పాత్ర పేరు తీసేసి చూడండి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అనుకోండి. అప్పుడు కూడా ఆ సీను నిలబడిందా? నిలబడితే మేనమామ. కూలిపోతే ఫోటో చుట్టం.

ఈ కిటుకు నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నాకు పాత కథ తెలియకపోవడం వల్ల దొరికింది. నాకు అందరూ పేరు లేని వాళ్ళే కదా మరి.

మొదటి ఎపిసోడ్ సంగతే చూడండి. అప్పటికి ఆ లాయరు పేరు సాల్ కాదు. జిమ్మీ. డబ్బుల్లేవు. గోళ్ళకి రంగులు వేసే పార్లర్ వెనక ఒక ఇరుకు గది, అదే ఆఫీసు. పసుపు రంగు డొక్కు కారు, ఒక తలుపు మాత్రం వేరే రంగు. ఆ కారుతో కోర్టు పార్కింగ్‌లోంచి బయటికి రావాలి. గేటు దగ్గర బూత్‌లో బట్టతల పెద్దాయన కూర్చున్నాడు. స్టిక్కర్లు సరిపోలేదంటాడు. జిమ్మీ బతిమాలతాడు, అరుస్తాడు. పెద్దాయన మొహంలో కండరం కదలదు. గేటు లేవదు.

నేను పగలబడి నవ్వాను. గుళ్ళో పార్కింగ్ టోకెను పోగొట్టుకుని ఆ కుర్రాడితో నేను పడ్డ గొడవ గుర్తొచ్చింది. మా వాడు మాత్రం నవ్వకుండా దణ్ణం పెట్టాడు. ఎందుకంటే ఆ పెద్దాయన మైక్. పాత సిరీస్‌లో గొప్ప గొప్ప నేరగాళ్ళకి కుడిభుజం. ఒక్క చూపుతో మనుషుల్ని గడగడలాడించేవాడు. అలాంటివాడు అంతకు ఆరేళ్ళ ముందు పార్కింగ్ టిక్కెట్లు తీసుకునేవాడట! మా వాడికి ఆ సీనులో రెండు సీన్లు కనపడ్డాయి. నాకు ఒకటే కనపడింది. కానీ ఆ ఒకటీ నిండుగా ఉంది. పేరు తీసేసినా నిలబడింది.

ఇదే ఎపిసోడ్ చివర ట్యూకో అనే ఇంకో పాతవాడు తుపాకీతో తలుపు తీశాడు. వాడి దగ్గర ఆగను. వాడు మంచిగా ఉన్నప్పుడే భయం వేస్తుంది.

మళ్ళీ మన చీపురాయన దగ్గరికి. గస్ ఫ్రింగ్. జాంకార్లో ఎస్పొసిటో నటించాడు. పైకి మర్యాదస్థుడైన హోటల్ యజమాని. లోపల మత్తుమందు సామ్రాజ్యం. 2011లో పాత సిరీస్‌లో ఆయన చనిపోయాడు. ముందుకథలో ఎప్పుడు కనపడతాడా అని జనం కళ్ళు కాయలు కాచేలా చూశారు. ఆ ఎదురుచూపు ఎంతదంటే, రెండో సీజన్ వచ్చినప్పుడు ఒక చిత్రం జరిగింది. నెమ్మదిగా చెబుతాను, వినండి.

రెండో సీజన్‌లో పది ఎపిసోడ్లు. పదింటికీ పది పేర్లు. ఒక్కో పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం తీసుకోండి. పది అక్షరాలు వస్తాయి. మన పత్రికల్లో అక్షరాలు చెల్లాచెదరుగా ఇచ్చి పదం కూర్చమంటారే, అలా అటూ ఇటూ మార్చండి. ఫ్రింగ్స్ బ్యాక్ అని వస్తుంది. అంటే, ఫ్రింగ్ తిరిగొచ్చాడు అని!

పది అక్షరాలు అనుకోకుండా అలా పడతాయా? అభిమానులు పట్టేశారు. రచయితలు కావాలనే పెట్టారు. వాళ్ళకి ఇది అలవాటే. పాత సిరీస్ రెండో సీజన్‌లో నాలుగు ఎపిసోడ్ల పేర్లు వరసగా చదివితే, అల్బుకర్కీ మీద విమానం కూలుతుందన్న సంగతి తెలిసిపోయేది. అందుకే ఈ జనం పేర్లను కూడా జల్లెడ పడతారు. 2016 ఏప్రిల్‌లో ఆ సీజన్ ముగిసింది. చివరి ఎపిసోడ్‌లో మైక్ కారు అద్దం మీద ఎవరో ఒక చీటీ పెట్టి వెళ్ళారు. దాని మీద ఒకే మాట, వద్దు అని. ఆ చీటీ ఎవరిదో అందరికీ తెలుసు. మనిషి మాత్రం కనపడలేదు. మనిషి కనపడటానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది అమెరికాలో గస్ కోడి హోటల్‌ని నిజంగానే కొద్ది రోజులు తెరిచారు, ప్రచారానికి. లేని హోటల్‌కి జనం వరసకట్టారు.

ఇంత హడావిడి చేశాక ఆయన్ని ఎలా తీసుకురావాలి? మన సినిమా అయితే ముందు బూటు, తరవాత చెయ్యి, తరవాత వెనక నుంచి గాలి. వీళ్ళు చీపురిచ్చారు. మసకలో నిలబెట్టారు. ఆ తెలివి చూడండి. తెలిసినవాడికి ఆ మసకే ఈల వేయిస్తుంది. తెలియని నాలాంటిదానికి, జిమ్మీ ఎవరినో వెతుకుతున్నాడు, తన వెనకే ఎవరో ఉన్నారు, అదేమిటో అనుమానంగా ఉందే అనిపిస్తుంది. అంటే నేనూ కుర్చీ అంచుకి వచ్చాను. ఈల రాలేదు గానీ, వత్తులు చెయ్యడం ఆగిపోయింది.

ఇక్కడ మీకొక ప్రశ్న వస్తుంది. గస్ ఎప్పుడు చస్తాడో తెలుసు, ఎలా చస్తాడో తెలుసు. మరి ఇంక చూడటానికేముంది?

శ్రీకృష్ణ రాయబారం నాటకం గుర్తుందా? మా ఊళ్ళో శివరాత్రికి వేసేవారు. కృష్ణుడు సంధి కుదురుస్తాడేమోనని ఎవరైనా వెళ్ళేవారా? కుదరదని పాలు తాగే పిల్లాడికీ తెలుసు. అయినా గోనెపట్టాలు పరుచుకుని తెల్లారేదాకా కూర్చునేవాళ్ళం. పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవాళ్ళం. ఏమవుతుందో తెలిసినప్పుడు, ఎలా అవుతుందో అన్న దాని మీదికి మనసు వెళుతుంది. ఇంకా దగ్గరిది కావాలా? కట్టప్ప బాహుబలిని చంపాడు. 2015 జూలైలో అందరం చూశాం. 2017 ఏప్రిల్ దాకా దేశమంతా ఒకటే అడిగింది, ఎందుకు చంపాడు అని. చావు తెలిసే టిక్కెట్టు కొన్నాం.

ఈ సిరీస్‌లో అలాంటి చోటు ఒకటుంది. నాకు అన్నిటికంటే అదే ఇష్టం. కొంచెం సేపు అక్కడ ఆగుతాను.

హెక్టర్ అని ఒక ముసలి రౌడీ. మార్క్ మార్గొలిస్ నటించాడు. పాత సిరీస్‌లో ఆయన చక్రాల కుర్చీలో ఉంటాడు. మాట రాదు, చెయ్యి లేవదు. ఒక్క వేలు మాత్రం కదులుతుంది. కుర్చీకి ఒక గంట కట్టి ఉంటుంది. ఔను అంటే టింగ్ మని కొడతాడు. ఆ గంటతోనే చివరికి బాంబు పేల్చి గస్‌ని చంపుతాడు, తనూ చస్తాడు. ముందుకథలో ఆయన నడుస్తూ వచ్చాడు. నోరు విప్పితే తిట్లే. అభిమానులు ఏం చేశారో తెలుసా? ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆయన గుండె పట్టుకున్నాడా, దగ్గాడా అని చూశారు. కుర్చీ ఎప్పుడొస్తుంది, గంట ఎప్పుడొస్తుంది. మన ఇళ్ళల్లో బీపీ ఉన్న తాతయ్య కోప్పడుతుంటే అందరం ఆయన మొహంకేసి చూస్తామే, అలాగ.

2017 జూన్‌లో మూడో సీజన్ చివర ఆయన కుప్పకూలాడు. నాచో అనే అనుచరుడు గుండె మాత్రలు మార్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. ఒక్కడు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని గుండె మీద నొక్కి ప్రాణం నిలిపాడు. ఎవరనుకున్నారు? గస్.

నాకు పాత కథ తెలియదు. నాకేమనిపించింది? తన బద్ధశత్రువుని బతికిస్తున్నాడే, ఎందుకు? ఇంత తేలికగా చావనివ్వడా? పగ అంత పెద్దదా? అనిపించింది. తరవాతి సీజన్‌లో అదే నిజమైంది. మంచి డాక్టరుని పిలిపించి వైద్యం చేయించాడు. హెక్టర్‌కి తెలివి పూర్తిగా వచ్చిందని, ఒళ్ళు మాత్రం రాలేదని తెలియగానే వైద్యం ఆపించాడు. మనిషిని లోపల పెట్టి తలుపు వేసినట్టు.

మా వాడికి ఇంకోటి కనపడింది. "అమ్మా, ఆయన తన చావుని తనే బతికించుకుంటున్నాడు" అన్నాడు. అప్పుడు వాడు నాకు గంట సంగతి చెప్పలేదు. "నువ్వు పాతది చూసినప్పుడు తెలుస్తుందిలే" అని ఊరించాడు. ఆ చలికాలం నేను పాత సిరీస్ అంతా చూశాను. ఆ గంట మోగినప్పుడు వత్తుల డబ్బా నా ఒళ్ళోంచి కింద పడింది. తెలియనివాళ్ళకి ఒక వంతు, తెలిసినవాళ్ళకి రెండు వంతులు. బుట్ట మోసిన మేనమామ అంటే ఇలా ఉండాలి.

మరి ఫోటో చుట్టాలు లేరా అంటే, ఉన్నారు. నాలుగో సీజన్‌లో గేల్ అనే కెమిస్టు వచ్చాడు. ప్రయోగశాలలో మూలకాల పేర్లు వరసగా పాడుతూ పనిచేసుకుంటుంటాడు. మా వాడికి ముచ్చటేసింది. నాకు మా స్కూలు కెమిస్ట్రీ మాస్టారు గుర్తొచ్చాడు తప్ప కథకి ఆయన చేసిందేమిటో తెలియలేదు. పేరు తీసేస్తే పాట మిగిలింది. మా వాడు ఇప్పటికీ ఒప్పుకోడు, నీకు పాత కథ తెలియక అలా అన్నావు అంటాడు. పాతది చూశాక కూడా నా మాట నేను మార్చుకోలేదు. ఫోటోకి వచ్చాడు, చక్కగా నవ్వాడు, వెళ్ళాడు. అప్పుడప్పుడు అలాంటి వాళ్ళూ రావాలి. పెళ్ళంతా మేనమామలే ఉంటే భోజనాలెవరు చేస్తారు?

ఒక సంగతి మరిచిపోకుండా చెప్పాలి. వయసు. ముందుకథ అంటే అందరూ చిన్నవాళ్ళుగా ఉండాలి. నటులేమో పెద్దవాళ్ళయిపోతారు. మైక్ వేసిన జొనాథన్ బ్యాంక్స్ ముందుకథ మొదలయ్యేసరికి 68 ఏళ్ళవాడు. పాత కథలో కంటే ముందుకథలోనే ముసలివాడిగా కనిపిస్తాడు. చివర్లో జెస్సీ వచ్చినప్పుడు ఇంకా చిత్రం. ఇరవైల్లో ఉండాల్సిన కుర్రాడు. వేసిన ఆరన్ పాల్‌కి అప్పటికి 42. జనం నవ్వుకున్నారు, బొమ్మలు పెట్టుకుని వెక్కిరించుకున్నారు. మా వాడైతే చిరాకు పడ్డాడు. నేను మాత్రం ఊరుకున్నాను. అరవై ఏళ్ళ కృష్ణుడు, పొట్టమీద పీతాంబరం జారిపోతుంటే పద్యం ఎత్తుకుంటే చప్పట్లు కొట్టినదాన్ని నేను. గొంతు లేచిందా లేదా అన్నదే చూస్తాను.

ఇప్పుడు తిరిగొచ్చిన వాళ్ళని కాసేపు పక్కన పెడదాం. రాని వాళ్ళ సంగతి. ముందుకథలో కిమ్ వెక్స్‌లర్ అని ఒక లాయరమ్మ ఉంది. రియా సీహార్న్ నటించింది. జిమ్మీకి స్నేహితురాలు, తరవాత భార్య. పాత సిరీస్‌లో ఆవిడ పేరు కూడా వినపడదు. మరి ఏమైంది? చనిపోయిందా? వదిలేసిందా? గస్ ఎలా చస్తాడో తెలిసిన జనం నిశ్చింతగా ఉన్నారు. కిమ్ ఏమవుతుందో తెలియక ఏడేళ్ళు నిద్రపోలేదు. ఆవిడ కారెక్కినా భయమే, తలుపు తీసినా భయమే. పాత ఫోటో ఆల్బంలో ఒక పిన్ని కనిపించి, తరవాతి ఫోటోల్లో ఎక్కడా కనపడకపోతే అడగడానికి నోరు రాదే, ఆ భయం.

దీనికి తలకిందులు ఇంకొకటి ఉంది. మనుషులు లేని పేర్లు. 2009లో సాల్ మొదటిసారి వచ్చిన ఎపిసోడ్‌లో వాల్టర్, జెస్సీ ఆయన్ని ఎడారికి ఎత్తుకుపోయి గోతి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెడతారు. ప్రాణభయంతో ఆయన రెండు పేర్లు అరుస్తాడు. నేను కాదు, ఇగ్నేసియో చేశాడంటాడు. లాలో పంపలేదా మిమ్మల్ని అంటాడు. ఎవరు వీళ్ళు? రాసినప్పుడు ఎవరూ కారు. గాల్లోంచి వచ్చిన పేర్లు. మన ఇళ్ళల్లో బామ్మలు విసుక్కుంటారే, ఇదంతా ఆ సుబ్బారాయుడి వల్లే అని, ఆ సుబ్బారాయుడెవరో ఎవరికీ తెలియదు. ముందుకథ రాసేటప్పుడు ఆ అప్పు తీర్చాల్సి వచ్చింది. ఇగ్నేసియో 2015లోనే వచ్చాడు, మాత్రలు మార్చిన నాచోయే అతను. లాలో 2018లో వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు, వంట చేస్తూ వచ్చాడు. పేరు విన్న తొమ్మిదేళ్ళకి మొహం చూశారు జనం. చూసి హడలిపోయారు.

ఇక పెద్ద చుట్టాలు. వాల్టర్, జెస్సీ. 2015 మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు, మాస్టారు ఎప్పుడొస్తారు అని. ఆ అభిమానం కొన్నిసార్లు హద్దు దాటింది కూడా. పాత సిరీస్‌లో వాల్టర్ కోపంతో పీజా తీసి ఇంటి కప్పు మీదకి విసిరే సీను ఒకటుంది. ఆ ఇల్లు అల్బుకర్కీలో నిజంగా ఎవరో కాపురముండే ఇల్లు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కప్పు మీదకి పీజాలు విసరడం మొదలుపెట్టారు! దయచేసి ఆపండి అని సృష్టికర్త విన్స్ గిలిగనే 2015లో అందరికీ విన్నవించుకోవాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు తరవాత కంచె వేయించుకున్నారు. తినే వస్తువు అలా పారేయడం నాకు మహా కష్టంగా తోచింది, ఆ మాట వేరే.

అడిగినవాళ్ళకి వెంటనే ఇవ్వలేదు రచయితలు. ఏడేళ్ళు ఆపారు. మధ్యలో 2021 జూలైలో షూటింగ్‌లోనే ఓడెన్‌కర్క్‌కి గుండెపోటు వచ్చింది. ఆ నాలుగు రోజులు ఏ పాత్ర తిరిగొస్తుందన్న ధ్యాస ఎవరికీ లేదు, మనిషి తిరిగొస్తే చాలనుకున్నారు. సెప్టెంబరుకి ఆయన మళ్ళీ పనిలోకి వచ్చాడు. 2022 ఏప్రిల్‌లో సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన పీటర్ గూల్డ్ చెప్పేశాడు, వాల్టర్, జెస్సీ ఇద్దరూ వస్తున్నారని. అప్పటికి మా వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఫోన్లో కేకలు.

ఆగస్టు 1న వచ్చారు. వాల్టర్, జెస్సీల పాత వ్యాను, పాత ఎడారి రాత్రి. గోతి దగ్గర్నుంచి బయటపడ్డాక వ్యానులో ఏం జరిగిందో చూపించారు. జెస్సీ అడుగుతాడు, లాలో అంటే ఎవరు అని. సాల్ మాట దాటేస్తాడు. లాలో ఎవరో, ఆ పేరు వెనక ఎన్ని శవాలున్నాయో ఈ ఆరు సీజన్లు చూసినవాళ్ళకి తెలుసు. తెలియనిది జెస్సీకే.

నిజం చెబుతాను, మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది ఫోటోయే అనిపించింది. వచ్చారు, పాత వ్యాను ముందు నిలబడ్డారు, క్లిక్. రెండోసారి చూస్తే వేరేగా ఉంది. ఆ ఎపిసోడ్ చివర రెండు ముక్కలు పక్కపక్కన కత్తిరించి పెట్టారు. ఒకటి పాత కాలం. వద్దని మైక్ చెప్పినా వినకుండా సాల్ ఆ స్కూల్లోకి, వాల్టర్ దగ్గరికి నడుస్తున్నాడు. రెండోది తరవాతి కాలం, తెలుపు నలుపులో. పేరు మార్చుకుని దాక్కున్న అదే మనిషి, ఒక కాన్సర్ రోగి ఇంట్లోకి దొంగతనానికి దూరుతున్నాడు. ఒకే మనిషి, వద్దన్న గుమ్మం రెండుసార్లు దాటుతున్నాడు. వాల్టర్ అని పేరు తెలియక్కర్లేదు, అక్కడికి వెళ్ళకూడదని తెలిస్తే చాలు. కాబట్టి నా తీర్పు దిద్దుకున్నాను. సగం ఫోటో, సగం బుట్ట.

సరిగ్గా వారం తరవాత వచ్చిన జెస్సీ సీను మాత్రం పూర్తిగా బుట్టే. బయట హోరున వాన. సాల్ ఆఫీసు చూరు కింద కిమ్ నిలబడి ఉంది. అప్పుడే లోపల విడాకుల కాగితాల మీద సంతకం పెట్టి వచ్చింది. పక్కన ఒక కుర్రాడు. వాడి స్నేహితుడు లోపల ఉన్నాడు. కుర్రాడు సిగరెట్టు అడుగుతాడు, కబుర్లాడతాడు, చివరికి అడుగుతాడు, ఈ లాయరు మంచివాడేనా అని. కిమ్ ఒక్క క్షణం ఆగి, నాకు తెలిసినప్పుడు మంచివాడే అన్న అర్థంలో ఒక్క ముక్క చెప్పి వానలోకి పరుగెత్తుతుంది.

కుర్రాడు ఎవరైతేనేం? కొత్తవాడైనా ఆ జవాబు గుండెలో దిగుతుంది. ఆ కుర్రాడు జెస్సీ అని తెలిస్తే, ఈ లాయరు వల్ల వాడి బతుకు ఏమవుతుందో గుర్తొచ్చి ఇంకోసారి దిగుతుంది. కిమ్ బతికే ఉండటం జనం కళ్ళారా చూసి ఊపిరి పీల్చుకున్న ఎపిసోడ్‌లోనే ఇదీ ఉంది.

ఆ రాత్రి మా వాడు ఫోన్ చేశాడు. "జెస్సీ మొహం చూశావా అమ్మా, అంకుల్‌లా ఉన్నాడు" అన్నాడు.

"వాన చూశానురా నాన్నా" అన్నాను.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత వాడే అన్నాడు, "ఔను, ఆ వాన."

ఇదంతా అయి కొన్నాళ్ళయింది. మొన్న మళ్ళీ ఫోన్. ఇంకేదో పాత సిరీస్‌కి ముందుకథ తీస్తున్నారట. ట్రైలర్ వచ్చిందట. అందులో వాడికి ప్రాణమైన పాత్ర ఒకటి అర క్షణం కనపడిందట. గొంతులో అదే ఈల.

"ఏం మోస్తున్నాడు?" అని అడిగాను.

"ఇంకా ట్రైలరే కదమ్మా!" అన్నాడు.

సరే, వత్తులు చేసుకుంటూ చూద్దాం అన్నాను.